ఏడు లోయల్లో అత్తగారి బండి

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ అల్లుడు ఒంటిచేత్తో పెట్టుకుంటున్న నమస్కారాలు.

ఈ అక్షరాలు చూసి ఎవరో ఒకటో తరగతి పిల్లాడు రాశాడనుకోకండి. నేనే. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది కాబట్టి ఎడమచేత్తో రాస్తున్నాను. మీ అమ్మాయి ట్రైనింగుకని వేరే ఊరు వెళ్ళడం, ఇంట్లో తోడుంటారని మీరు రావడం, మీరు వచ్చీ రాగానే నేను చేతి వైద్యానికని ఈ విశ్రాంతి గృహంలో చేరడం, అన్నీ నా నిర్వాకమే. బయల్దేరేటప్పుడు "చెయ్యి ఎలా బెణికింది బాబూ?" అని మీరు అడిగితే "బరువైన పని చేశానండీ" అన్నాను. ఇప్పుడు నిజం చెప్తాను. వీడియో గేములో ఇనపరాయి తవ్వుతుంటే బెణికింది. రాయి నిజం కాదు, పలుగు నిజం కాదు, గని నిజం కాదు. బెణుకొక్కటే నిజం.

నేను పత్రికలో రాస్తానని మీకు తెలుసు. ఏం రాస్తానో మీరు అడగలేదు, నేనూ అంత ధైర్యం చేయలేదు. వీడియో గేములు ఆడి, అవి బాగున్నాయో లేదో రాస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్న గేము పేరు "ఏడు లోయలు". ఇలాంటివాటిని ఓపెన్ వరల్డ్ అంటారు. అంటే లోకమంతా తలుపులు తెరిచి ఉంటుంది. కొండెక్కొచ్చు, పడవెక్కొచ్చు, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చు. అంత లోకంలోనూ నేను ఒక గని పట్టుకుని కూర్చున్నాను. చివరి కోట దగ్గర కాపలావాడు గుట్టలకొద్దీ ఇనపరాయి తెస్తే గాని తలుపు తియ్యనన్నాడు. తవ్వడం, మోయడం, మళ్ళీ తవ్వడం. దీన్ని మావాళ్ళు గ్రైండింగ్ అంటారు. మామూలు మనుషులు చాకిరీ అంటారు.

అసలు కష్టం ఇది. మా ఎడిటరుగారు ఈసారి తేల్చి చెప్పేశారు. "మీ రివ్యూలు చదువుతుంటే ఆట ఆడినట్టు లేదు, ఓవర్‌టైమ్ చేసినట్టుంది. ఆడుతుంటే సంతోషంగా ఉందా? చాకిరీ ఎంత? ఒకసారి అయిపోయాక మళ్ళీ ఆడాలనిపిస్తుందా? మనసుపెట్టి రాయండి. లేదంటే వచ్చే సంచిక నుంచి మీ పేజీ తోటపనికి ఇచ్చేస్తాను" అన్నారు. ఆ పేజీ పోతే నేను వీధిన పడతాను అత్తయ్యగారూ. నాకు వేరే పని రాదు. ఈ పని వచ్చనుకుంటే దానికే చెయ్యి పోయింది.

ఇక్కడ ఫోను గేటు దగ్గరే లాగేసుకున్నారు. నా జబ్బంతా బొటనవేలిలోనే ఉందంటున్నారు డాక్టరుగారు. అందుకని మీ కాళ్ళావేళ్ళా పడుతున్నాను. టీవీ కింద నల్లటి పెట్టె ఉంటుంది. దాన్ని వెలిగించి, కంట్రోలర్ చేతిలోకి తీసుకుని, గుండ్రటి బటన్ నొక్కుతూ కూర్చోండి. అంతే. ఇనపరాయి దానంతటదే సంచిలో పడుతుంది. దారిలో కొందరు తలమీద పసుపు గుర్తుతో నిలబడి ఉంటారు. వాళ్ళతో పెట్టుకోకండి, పని చెప్తారు. పొరపాటున మాటలు మొదలైతే ఇంటూ గుర్తున్న బటన్ నొక్కేయండి, దాటిపోతాయి. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

ఇట్లు,
కట్టులో ఉన్న మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయికి చెప్పకండి. ఆ పెట్టెని తను "నా సవతి" అంటుంది. కన్నతల్లే సవతికి సేవ చేస్తోందని తెలిస్తే నేను ఈ విశ్రాంతి గృహంలోనే కాపురం పెట్టాలి.

*

అల్లుడుగారికి దీవెనలు.

మీ చెయ్యి తొందరగా బాగుపడాలి. దానికంటే ముందు మీ ఎడమచేతి రాత బాగుపడాలి. "గని" అన్నది "గది" అని చదువుకుని ఒక పూటంతా గదులన్నీ వెతికాను.

పెట్టె వెలిగించాను. లోపల ఒకాయన నాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా ఇటు తిరగడు. పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారన్న మర్యాద కూడా లేదు. తర్వాత అర్థమైంది, ఆయనే మీరట.

మీరు చెప్పినట్టే గుండ్రటి బటన్ నొక్కాను. మీరు రాయి కొట్టారు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కొట్టారు. కాసేపటికి నాకు చెయ్యి కాదు, మనసు నొప్పెట్టింది. బాబూ, తలుపేసుకుని మీరు రోజూ చేసే ఉద్యోగం ఇదా? మా అమ్మాయి విసుక్కున్నప్పుడల్లా "పాపం, రాసుకుంటున్నాడే, ఊరుకో" అని మిమ్మల్ని వెనకేసుకొచ్చేదాన్ని. రాళ్ళు కొట్టుకుంటున్నారని నాకేం తెలుసు?

అందుకని మిమ్మల్ని బయట గాలికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళగానే ఏట్లో పడ్డారు. ఒడ్డుకి తెచ్చేసరికి అడవిపంది వచ్చి గుద్దింది, మీరు చచ్చిపోయారు. పెట్టె ఆపేసి, మంచినీళ్ళు తాగి, మీ విశ్రాంతి గృహానికి ఫోన్ చేద్దామని నంబరు కూడా వెతికాను. మళ్ళీ వెలిగిస్తే చక్కగా లేచి నిలబడ్డారు. ఇలా ఉంటుందని ముందే ఒక ముక్క రాయొద్దూ?

పసుపు గుర్తు మనుషుల్ని చూశాను. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. దారి పక్కన మూట పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ వంక చూస్తూ నిలబడ్డ మనిషిని మా డిపోలో ప్రయాణికుడంటారు. వాళ్ళతో పెట్టుకోవద్దని మీరు రాశారు. ఆ మాట నాకు రాయకూడదు బాబూ. ఒక ముసలావిడ పుట్టగొడుగులు కావాలంది. మీ సంచి తీసి చూస్తే బోలెడున్నాయి, అన్నీ పాచిపట్టి నీలంగా మెరుస్తున్నాయి. పడేసేవేగా అని ఆవిడకే ఇచ్చేశాను. సంచి తేలికైంది.

గని బయట ఒక గుర్రబ్బండి ఊరికే పడి ఉంది. బండి ఉంది, దారి ఉంది, ఎదురుచూసే జనం ఉన్నారు. అంతమంది ముందునుంచి ఖాళీ బండి తోలుకుపోవడం నా ఒంటికి పడదు. రేపు ఆ సంగతి చూస్తాను.

దీవెనలతో,
మీ అత్తగారు (మాజీ కండక్టరు)

తా.క. మీ కత్తి చెరువులో పడింది. ఏ బటన్ నొక్కానో తెలియదు. ఎప్పుడూ నిప్పులు కక్కుతూ ఉండేది కదా, అదే. ఈపాటికి చల్లారే ఉంటుంది.

*

పూజ్యులైన అత్తయ్యగారికి,

వణుకుతున్న ఎడమచేత్తో నమస్కారాలు.

అది పాచి కాదండీ! అవి వెన్నెల పుట్టగొడుగులు. ఆ గేములో పౌర్ణమి వచ్చినప్పుడు తప్ప మొలవవు. వాటికోసం కొండమీద పౌర్ణమి తర్వాత పౌర్ణమి కాపలా కాశాను. బయట మీ అమ్మాయి పుట్టినరోజు వచ్చి వెళ్ళిపోయింది, నేను చూసుకోలేదు. అన్ని పుట్టగొడుగులు ఏం చేద్దామని దాచారని మీరు అడుగుతారు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. దొరికాయి, దాచాను. ఇక ఆ కత్తికోసం ఎంత తిరిగానో రాస్తే మీ దృష్టిలో ఇంకా పడిపోతాను. ఇంకా పడడానికి చోటుందో లేదో కూడా తెలియడం లేదు.

దయచేసి బండి జోలికి వెళ్ళకండి. అది నత్తలా నడుస్తుంది, ఆడేవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు. పసుపు గుర్తువాళ్ళు ప్రయాణికులు కారు. పని చెప్పేవాళ్ళు. ఏం పని, ఎవరికోసం అంటారా? అది మాత్రం చెప్పలేను. ఏడు లోయలూ కాళ్ళరిగేలా తిరిగాను గాని, ఒక్కరి మాటా చివరిదాకా వినలేదు. వాళ్ళు నోరు తెరవగానే బటన్ నొక్కేస్తాను. మ్యాపులో చుక్క ఎక్కడ పడిందో చూసుకుని అటు పరిగెడతాను. అడిగింది తెచ్చి వాళ్ళ ముందు పడేస్తాను. వాళ్ళు సంతోషంతో ఏదో చెప్పబోతారు, అదీ దాటేస్తాను.

ఇక్కడ నా పక్క మంచం ఒక వయొలిన్ మాస్టారిది. కచేరీకి సాధన చేసి చేసి ఆయన చెయ్యి పట్టేసింది. "మీకెలా జరిగింది?" అని అడిగారు. "గనిలో పనండీ" అన్నాను. అప్పటినుంచి ఆయన నన్ను ఎంత గౌరవంగా చూస్తున్నారంటే, పొద్దున నా మంచం దుప్పటి కూడా ఆయనే మడతపెట్టారు. ఇప్పుడు నిజం చెప్పడానికి నోరు రావడం లేదు.

ఎడిటరుగారి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. తోటపని వ్యాసం రాసేవారు సిద్ధంగా ఉన్నారట, గులాబీల మీద మొదలుపెడతారట. పని పీకలమీదికి వచ్చింది. మీకు దండం పెడతాను, గనికి వెళ్ళండి.

ఇట్లు,
నిరాయుధుడైన మీ అల్లుడు

తా.క. నేను అడవిపంది చేతిలో చచ్చిపోయిన సంగతి మాత్రం ఎవరితోనూ అనకండి. రాక్షసుల్ని చంపినవాణ్ణి.

*

అల్లుడుగారికి దీవెనలు.

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఇంట్లో చిన్న పని పడింది. గని సంగతి తర్వాత చూద్దాం. బండి తోలాను.

మొదట ఎక్కినావిడ చంకలో బాతు ఉంది. దానికీ టికెట్ తియ్యమన్నాను. "ఒళ్ళో కూర్చునే పసిదానికి టికెట్ ఏంటమ్మా?" అని నన్నే నిలదీసింది. "పసిదా? ఇది గుడ్లు పెట్టే వయసులో ఉంది" అన్నాను. "మా ఇంటి సంగతులు నీకెందుకు?" అంది. బండంతా నవ్వులు. చివరికి బాతు నా వంక అదోరకంగా చూసింది, నేనే తగ్గాను.

ఇంకొక పెద్దాయన ఎక్కుతాడు. రాళ్ళు చెక్కే పని. జుట్టునిండా రాతిపొడి. ఒళ్ళో గుడ్డలో చుట్టిన మూట, బాగా బరువున్నట్టుంది. "కింద పెట్టుకోండి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అంటే పెట్టడు. "ఇటివ్వండి, నేను పట్టుకుంటా" అంటే ఇవ్వడు. రేవు ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నానన్నాడు. కానీ రేవు దాకా రాడు బాబూ! ఒక మలుపు ముందే, కుళాయి ఉన్నచోట దిగిపోతాడు. అక్కడ మొహం కడుక్కుని, జుట్టు దులుపుకుని, చొక్కా సర్దుకుని, మూట భుజానికెత్తుకుని మిగతా దారి నడుస్తాడు. "రేవులోనే దింపుతాగా, ఎందుకీ నడక?" అని అడిగాను. "ఈ వాలకంతో బండి దిగితే, నాన్న అలసిపోయాడని పిల్ల బాధపడుతుందమ్మా" అన్నాడు.

మీరు ఏడు లోయలూ తిరిగానన్నారు. ఈ పెద్దాయన మీకు ఎప్పుడూ ఎదురుపడలేదా?

దీవెనలతో,
మీ అత్తగారు

తా.క. వెనక కూర్చున్న ఒకతను మలుపుల్లో వాంతి చేసుకున్నాడు. మీ ఆట చాలా సహజంగా ఉంది.

*

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఈసారి వణుకు లేదు, అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం రాగానే ముందు కోపం వచ్చింది. మా ఎడిటరుగారు గులాబీలు నాటిస్తుంటే మీరు బాతుతో బేరమాడుతున్నారు. తర్వాత రెండోసారి చదివాను. బాతు దగ్గర గట్టిగా నవ్వేసరికి నర్సు పరిగెత్తుకొచ్చింది, చెయ్యి మళ్ళీ బెణికిందనుకుని. మాస్టారు ఏమిటేమిటని అడిగితే నిజం చెప్పేశాను. ఏ గనో, ఏ రాయో మొత్తం. నామీద గౌరవం పూర్తిగా పోయింది, దుప్పటి ఇప్పుడు నేనే మడతపెట్టుకుంటున్నాను. కానీ మీ ఉత్తరం పైకి చదవమని ఆయనే అడుగుతున్నారు.

ఆ పెద్దాయన దగ్గర ఇద్దరం ఆగిపోయాం. నాకు ఎదురుపడే ఉంటాడండీ. రాతిపొడి జుట్టుతో దారి పక్కన ఎవరో నిలబడి ఉండేవారని లీలగా గుర్తుంది. నోరు తెరవబోయాడు, నేను బటన్ నొక్కేశాను. గేము తయారుచేసినవాళ్ళు ఇంత శ్రద్ధగా చేసి పెడితే నేను వాళ్ళ గనిలో చీకట్లో కూర్చున్నాను. ఒక్క సందేహం. గుర్రబ్బళ్ళ కాలంలో కుళాయి ఎలా వచ్చింది? తయారీలో పొరపాటై ఉంటుంది. రివ్యూలో లోపాల కింద రాస్తాను.

మీకొక మాట చెప్పుకోవాలి, మీ అమ్మాయికి కూడా చెప్పలేదు. ఆటలంటే నాకు ఇష్టం పోయిందేమోనని చాలా రోజులుగా భయంగా ఉంది. ఇష్టంతోనే ఈ పనిలోకి వచ్చాను. అది ఎప్పుడు జారిపోయిందో తెలియదు. ఇంకాస్త ఆడితే తిరిగొస్తుందేమోనని ఇంకాస్త తవ్వేవాణ్ణి. రాయి వచ్చింది గాని ఇష్టం రాలేదు. నిన్న మాస్టారికి మీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే, ఆ బండి ఎక్కాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

ఆ మూటలో ఏముంది? అడిగి రాయండి. అలాగే, అదే దారిలో రోజూ అటూ ఇటూ తిరుగుతుంటే మీకు విసుగు రావడం లేదా? అది ఎడిటరుగారి ప్రశ్న కూడా.

ఇట్లు,
టికెట్ లేని మీ అల్లుడు

తా.క. గనికి తొందరేం లేదు. కాపలావాడు ఎక్కడికి పోతాడు?

*

అల్లుడుగారికి దీవెనలు. మాస్టారుగారికి నమస్కారాలు.

విసుగు రాదా అని అడిగారు. ఎందుకు రాదు? శుభ్రంగా వస్తుంది. అవే మలుపులు, అవే మొహాలు, అదే దుమ్ము. కాళ్ళు లాగేస్తాయి. ఈ పూటతో మానేద్దామనిపిస్తుంది. కానీ రోజూ ఎక్కే మనిషి ఇవాళ ఎక్కలేదనుకోండి, విసుగంతా ఎటో పోయి బెంగ పట్టుకుంటుంది. మర్నాడు ఆ మనిషి నవ్వుతూ ఎక్కితే "నిన్న ఎక్కడ చచ్చావు?" అని తిట్టబుద్ధేస్తుంది. తిట్టాను కూడా. మీ ఎడిటరుగారి ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇంతే.

మూట సంగతి తెలిసింది. ఆయన చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఒకసారి ఆయన కూతురే బండెక్కింది. మాట కలిపితే చెప్పింది. వాళ్ళ ఇంటి గుమ్మం వీధికి బాగా ఎత్తులో ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి దిగబోయి పడిందట. అది విన్న రోజునుంచి ఆయన, వచ్చినప్పుడల్లా ఒక రాయి చక్కగా చెక్కి, గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెస్తున్నాడు. మెట్ల కోసం.

"మరి మెట్లు పూర్తయ్యాయా?" అన్నాను. "ఎప్పుడో అయిపోయాయండీ. చాలు నాన్నా అంటే, రావడానికి ఇంకేం వంక పెట్టుకుంటాడు? అందుకే చాలని చెప్పలేదు. తెచ్చినవన్నీ పెరట్లో పేర్చుకుంటున్నా. మా ఆయన వాటిమీద కూర్చుని పేపరు చదువుతాడు" అంది. చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకు వేరేవాళ్ళకి టికెట్ ఇవ్వాల్సిన పని గుర్తొచ్చి అటు తిరిగాను.

మర్నాడు పెద్దాయన మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ మూట. "చాలా మెట్లు కావాలేమో కదండీ?" అన్నాను. "అవునమ్మా, గుమ్మం బాగా ఎత్తు" అన్నాడు. ఆయనకీ తెలుసనే నా అనుమానం.

దీవెనలతో,
మీ అత్తగారు

తా.క. బాతు సీటు కింద గుడ్డు పెట్టింది. అది బాతు యజమానిదా, కింద చోటు ఇచ్చిన సీటు ఆసామిదా అని రేవు దాకా గొడవ. తేలలేదు. ప్రస్తుతం కండక్టరు దగ్గర జమ.

*

నా పాలిట దేవతైన అత్తయ్యగారికి,

సాష్టాంగ నమస్కారాలు. చెయ్యి బాగుపడింది, ఇప్పుడు నిజంగానే పడొచ్చు.

మూట సంగతి మాస్టారికి చదివి వినిపించాను. తర్వాత ఆయన "రాయండి" అన్నారు. కూర్చుని ఎడమచేత్తోనే రివ్యూ రాసి పంపేశాను. గనిని ఒక్క వాక్యంలో తేల్చేశాను. మిగతాదంతా బండే. "ఈ ఆటలో గొప్ప నిధి కోటలో లేదు, గనిదారి బండిలో ముందు సీటులో, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుని ఉంది" అని మొదలుపెట్టాను. మళ్ళీ ఆడాలనిపిస్తుందా అన్నచోట మీ బెంగ, మీ తిట్టు రెండూ పెట్టాను.

ఎడిటరుగారి జవాబు వచ్చింది. "ఇన్నాళ్ళకి మీరు ఒక ఆట ఆడారు" అని రాశారు. అత్తయ్యగారూ, ఈ ఉద్యోగంలో నాకు ఇంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు. గులాబీలు వెనక్కి వెళ్ళాయి. పేజీ నాదే. సంచిక కూడా వచ్చేసింది, మీకూ ఒకటి పంపించమన్నాను.

ఒక చిన్న చిక్కు. పాఠకులు ఆ పెద్దాయన కోసం తెగ వెతుకుతున్నారట, దొరకడం లేదట. ఒకాయన సెలవు పెట్టి మరీ బండి తోలితే ఒక్కరూ ఎక్కలేదట. ఇంకా విచిత్రం, ఆ గేము తయారుచేసినవాళ్ళే పత్రికకి ఫోన్ చేసి, ఆ బండి ఎక్కడ ఎక్కాలి అని అడిగారట! తాము చేసిన ఆట తమకే తెలియదు, చూశారా? మాటలు దాటేసే బటన్ వాళ్ళూ నొక్కుతారేమో. వచ్చే సంచికలో వెయ్యడానికి ఎడిటరుగారు దారి పటం గీసిమ్మన్నారు. అది ఇవ్వకపోతే నేను కల్పించి రాశానని అనుకుంటారు, పేజీతోపాటు పరువూ పోతుంది. కాబట్టి కుళాయి ఏ మలుపులో ఉందో వెంటనే రాయండి. ఆదివారం నన్ను ఇంటికి పంపించేస్తున్నారు. రాగానే ఇద్దరం కూర్చుని ఆడదాం. మీరే తోలండి, నేను వెనక కూర్చుంటాను.

ఇట్లు,
మీ ముఖ్య ప్రయాణికుడు

తా.క. కుళాయిని లోపాల కింద రాశాను కదా. ఎడిటరుగారు కొట్టేసి, పక్కన "ఆ కుళాయే ప్రాణం" అని రాశారు.

*

అల్లుడుగారికి,

దీవెనలు. ఇది కూర్చుని చదవండి. మాస్టారుగారిని కూడా పక్కనే ఉండమనండి.

బాబూ, మీ పెట్టె మొదటి వారంలోనే పోయింది. కత్తి చెరువులో పడిందని మీకు ఉత్తరం రాశానా, దాన్ని పోస్టు చేసి వచ్చి, టీ కలుపుకుని బండి సంగతి చూద్దామని కూర్చున్నాను. గ్లాసు జారి టీ మొత్తం దానిమీద పడింది. బుస్సుమంది. తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. నాలుగు రోజులు ఎండబెట్టి చూసి రిపేరు షాపుకి మోసుకెళ్తే, లోపలి భాగం ఏదో మాడిపోయింది, తెప్పించాలన్నారు.

ఆ సాయంత్రమే మీ ఉత్తరం వచ్చింది, పని పీకలమీదికి వచ్చిందని. పోయిందని ఏ మొహం పెట్టుకుని రాయను? అల్లుడి అన్నం మీద టీ ఒలకబోసినదాన్ని. భయం వేసింది. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా "పోయింది" అన్న మాట రాయలేకపోయాను. చివరికి బండి తోలానని రాశాను. రాశాక బండిలో ఎవరో ఒకరు ఉండాలి కదా. బాతావిడ ఎక్కేసింది.

ఆవిడ నా బస్సులో ప్రయాణికురాలే. వాంతి చేసుకున్నతనూ అంతే. ఆ పెద్దాయన కూడా. నా ఉద్యోగమంతా ఆ ఒక్క రూటులోనే గడిచింది, రాళ్ళ క్వారీ నుంచి రేవు దాకా. రోజూ అటూ ఇటూ. రిటైరై ఇంటికొచ్చాక ఆ రూటు గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. మా అమ్మాయికి నేను చెప్పబోతే "అమ్మా, నీ బస్సు గోల" అనేది. దానిదీ తప్పు కాదు, దాని అలసట దానిది. మీరు మాత్రం, ఆ మూటలో ఏముందని అడిగారు. బాబూ, ఎవరూ అడగని మనిషిని అలా అడిగితే ఆగుతుందా? అందుకే రెండోసారి కూడా అబద్ధం రాశాను. రాస్తుంటే సంతోషంగా ఉంది, అదీ మీ దగ్గర దాచను.

మీరు దాన్ని పత్రికకి ఎక్కిస్తారని నేను అనుకోలేదు. చదివి నవ్వుకుని, ఇంటికొచ్చాక నాలుగు చీవాట్లు పెడతారనుకున్నాను. మీ పేజీకి ముప్పు తెచ్చింది నేనే కాబట్టి, మీ ఎడిటరుగారికి జరిగింది జరిగినట్టు రాసి ఈ ఉత్తరంతోపాటే పోస్టు చేస్తున్నాను. "మా అల్లుడు కల్పించలేదు, నమ్మాడు. టికెట్ లేకుండా ఎక్కించింది కండక్టరు. ఫైన్ వేస్తే నాకు వెయ్యండి" అని రాశాను. ఆయన ఏమంటారో తెలియదు. పేజీ ఉంటుందో పోతుందో అని రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. అడిగారు కాబట్టి దారి పటం కూడా గీసి అందులోనే పెట్టాను. అది మాత్రం అచ్చంగా నిజం. ఆ గేమువాళ్ళకి కావాలంటే వాడుకోమన్నాను, ఆగేచోట్లు మాత్రం ఒక్కటి కూడా తియ్యకూడదు.

పెద్దాయన ఎక్కడ దొరుకుతాడని మీ పాఠకులు అడుగుతున్నారన్నారు. దొరకడు బాబూ. నేను సర్వీసులో ఉండగానే ఒకరోజు ఎక్కలేదు, మర్నాడూ ఎక్కలేదు. ఆ పైన నేను తిట్టడానికి మనిషి లేడు. దారి వెడల్పు చేసినప్పుడు ఆ మలుపూ పోయింది, కుళాయీ పోయింది. మెట్లు ఉన్నాయి. ఆదివారం మీరు గేటు దాటి రాగానే నేరుగా అక్కడికే తీసుకెళ్తాను. ఆయన కూతురితో మాట్లాడాను, మిగిలిన రాళ్ళు ఇంకా పెరట్లోనే ఉన్నాయట. కూర్చోవచ్చు.

నామీద కోపం వస్తే పడండి. ఉత్తరాలు మాత్రం మానకండి.

దీవెనలతో,
మీ అత్తగారు

తా.క. పెట్టె బాగై నిన్ననే వచ్చింది. వెలిగించి బండి తీశాను. పాఠకులు చెప్పింది నిజమే, ఒక్కరూ ఎక్కలేదు. ముసలావిడ మళ్ళీ పుట్టగొడుగులు కావాలంది. ఇచ్చాను కదమ్మా అన్నా వినిపించుకోదు. ఏమనుకోకండి, ఆ ఆట నాకు నచ్చలేదు. మీ వ్యాసం మాత్రం రెండుసార్లు చదివాను. మూడోసారి పైకి చదువుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఎప్పుడో చెప్పబోయిన మనిషే అని దానికి తెలియదు. చివరిదాకా విని, "ఆ పెద్దాయన తర్వాత ఏమయ్యాడమ్మా?" అని అడిగింది.